నకళ్లు మాత్రమే

ఫిబ్రవరి 9

ఈరోజు కూడా లుద్మిల్‌తో గొడవ. కారణం వర్డ్ ఫైల్.

మా ఆఫీసులో ఏ పనికైనా ఆమోదించిన పత్రం ఉండాలి. పత్రం అంటే వర్డ్‌లో టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర గుద్దినది. సర్వర్‌కి పని చెప్పడానికి టైపు చేసే నల్ల తెర ఉంటుందే, షెల్, అందులో ఇచ్చే కమాండ్‌లు కూడా పత్రంలోనే ఉండాలట. ఎవరికి కావాలన్నా అక్కణ్ణించే కాపీ చేసుకోవాలట. పండగలప్పటి నుంచీ మొత్తుకుంటున్నాను. కమాండ్‌ని వర్డ్‌లో పెట్టకండిరా, అది పెళ్లికూతుర్ని చేసినట్టు ముస్తాబు చేస్తుంది, తిన్నగా ఉండాల్సిన కొటేషన్ మార్కుల్ని మన బల్గేరియన్ పద్ధతిలో ఒకటి కింద, ఒకటి పైన, వంకరగా తిప్పి పెడుతుంది, ఆ వంకరవాటిని షెల్ కొటేషన్లుగా లెక్కపెట్టదు అని. లుద్మిల్ కుర్చీలో ఊగుతూ, అక్కా, ముద్ర లేని కాగితం కాగితమే కాదు, నీ టెక్స్ట్ ఫైల్ మీద ముద్ర ఎక్కడ గుద్దాలో చూపించు, అక్కడే గుద్దుతా అన్నాడు. పక్క టేబుల్ స్తామెన్ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కిసుక్కున నవ్వాడు.

లుద్మిల్ యజమానిగారి అల్లుడు. వాడి అర్హతలు అక్కడితో సరి.

కమాండ్‌లో ఉండే లింక్ చుట్టూ తిన్నని కొటేషన్లు తప్పనిసరి అని పత్రంలో ఎర్ర అక్షరాలతో రాశాను. ఆమోదించిన పత్రాల్లో ఎర్ర రంగు వాడకూడదని ఆ వాక్యం తీయించాడు. నల్ల రంగులో రాస్తానన్నాను. పేజీ దాటిపోతోంది, వద్దన్నాడు.

ఫిబ్రవరి 12

కెరానా టీచర్‌గారు వచ్చారు. ఆవిడ వస్తే ఆఫీసులో మనుషులున్నట్టు ఉంటుంది.

సంగీతం టీచరుగా రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సెలవు దొరికితే చాలు, బండరాయంత టేప్ రికార్డర్ మోసుకుని రోడోపి కొండల్లో ఊరూరా బస్సుల్లో తిరిగారు. ముసలమ్మల చేత పాటలు పాడించి రికార్డు చేశారు. కోతల పాటలు, మొక్కజొన్న ఒలుపు పాటలు, పెళ్లి పాటలు, ఏడుపు పాటలు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఊరి సాంస్కృతిక సమితి మా కంపెనీకి ఇచ్చింది. నేనే ఎక్కించాను, రెండు శీతాకాలాలు పట్టింది. ఎక్కించడం అయిందని తెలియగానే సమితివాళ్లు టేపులన్నీ చెత్తబండికి వేశారు. గది యోగా క్లాసుకు కావాలట.

పాడినవాళ్లలో ఒక్కరూ లేరు. టేపుల్లేవు. ఇప్పుడు ఆ గొంతులు ఉన్నది ప్రపంచం మొత్తమ్మీద మా సర్వర్‌లోనే.

అందుకే ఆవిడ ఆస్పత్రిలో ఉన్న చుట్టాల్ని చూడ్డానికి వచ్చినట్టు వస్తారు. సర్వర్ గది అద్దం దగ్గర నిలబడి, జ్లాతా, నా పిల్లలెలా ఉన్నారమ్మా అంటారు. ఆ పిల్లల్లో చిన్నదానికి పాడేనాటికే డెబ్బై దాటాయి. బాగున్నారు టీచర్‌గారూ, చల్లగా ఉన్నారు అంటాను. ఈసారి చిన్న ఫిర్యాదు కూడా తెచ్చారు. వెబ్‌సైట్‌లో కొన్ని పాటలు రెండేసి సార్లు కనిపిస్తున్నాయట. పక్కింటావిడ టాబ్లెట్‌లో చూశారట. ఒకటే కోడల్ని ఇద్దరుగా చూపిస్తే పెళ్లికొడుకు హడలిపోడూ అని నవ్వారు.

నకళ్లు తీసేయడం పెద్ద పనేం కాదు. ఎల్లుండి సెలవు పెట్టాను. వచ్చాక నేనే చేస్తానని చెప్పి పంపాను. లుద్మిల్ కూడా అక్కడే ఉన్నాడు, విన్నాడు.

ఫిబ్రవరి 14

త్రిఫోన్ పండగ, ద్రాక్షతీగలు కత్తిరించే రోజు. బ్రెస్తోవిత్సాలో నాన్న ద్రాక్షతోట. ఎండ ఉంది కానీ గాలికి చెవులు తెగిపోతున్నాయి. ఆచారం ప్రకారం మొదటి కొమ్మ నరికి, కోసిన చోట వైన్ పోశాం. తమ్ముడు తీగ మీద కంటే తనలోనే ఎక్కువ పోసుకున్నాడు.

మూడో వరసలో ఉండగా లుద్మిల్ ఫోన్. గొంతులో వైన్ వినిపిస్తోంది. ఆఫీసులో కూడా తాగుతున్నారన్నమాట. మామగారు ఆఫీసుకొచ్చారట, సర్వర్ నిండిపోయింది కొత్త డిస్కులు కొనాలంటున్నారేంటని అడిగారట. వీడికి వెంటనే ఘనకార్యం చేసి చూపించాలనిపించింది. అక్కా, నువ్వు లేకపోయినా పని ఆగలేదు, ముసలామె నకళ్లు నేనే ఊడ్చేశా అన్నాడు. నీ పత్రంలోంచి కమాండ్ కాపీ చేస్తే ఏదో ఎర్రర్ వచ్చింది, చూస్తే లింకుకి అటూ ఇటూ ఏవో వంకర గీతలున్నాయి, అవి పీకేస్తే టక్కున పోయింది, ఇంత చిన్నదానికి నువ్వు ఇంత రాద్ధాంతం చేస్తావు అన్నాడు.

కత్తెర అక్కడే పడేశాను. తమ్ముణ్ణి బండి తీయమన్నాను. తాగి ఉన్నానన్నాడు. నేనే తీశాను.

ఫిబ్రవరి 14, సాయంత్రం

పోయాయి.

కొంచెం నిదానంగా రాస్తాను.

ఆ లింకు ఇలా ముగుస్తుంది: clean?collection=kerana&only=duplicates. కెరానా సంకలనం శుభ్రం చెయ్యి, నకళ్లు మాత్రమే అని. కొటేషన్ల మధ్య పెడితే ఆ మాట మొత్తం ఒక్క ముక్కగా సర్వర్‌కి చేరుతుంది. కొటేషన్లు తీసేస్తే నడుమనున్న & దగ్గర షెల్ ఆగిపోతుంది. షెల్ దృష్టిలో & అంటే ఇక్కడిదాకా ఉన్నదాన్ని తీసుకుని పక్కన పని మొదలుపెట్టు అని. అంటే సర్వర్‌కి చేరింది, కెరానా సంకలనం శుభ్రం చెయ్యి అన్నంతవరకే. నకళ్లు మాత్రమే అన్నది గడప ఇవతలే ఉండిపోయింది. దాన్ని ఏదో పక్కన రాసిపెట్టుకోమన్నారనుకుని షెల్ రాసిపెట్టుకుని ఊరుకుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. కోడి కొయ్యి, చుట్టాలొస్తేనే అని చెప్పి పంపితే మొదటి సగం విని పరిగెత్తే పనివాడుంటాడే, వాడు.

ఏవి తీయాలో చెప్పకపోతే అన్నీ తీసేసేలా ఆ ప్రోగ్రామ్ రాసినవాడెవడో, వాడికి పుట్టగతులుండవు. కానీ వాడు దూరంగా ఎక్కడో ఉన్నాడు. తిట్టినా తగలదు.

నేను వెళ్లేసరికి ఆఫీసులో సాసేజులు, వైన్, పాటలు. యజమాని వెళ్లిపోయాడు. ఫోల్డర్ తెరిచి చూపించాను. లుద్మిల్ కాసేపు చూసి, ఇదేంటి ఖాళీగా ఉంది అన్నాడు. నువ్వు ఊడ్చేశావుగా అన్నాను. స్తామెన్ గింజలు కొరకడం ఆపేశాడు. ఎవరో పాట ఆపారు.

ఫిబ్రవరి 15

బ్యాకప్ ఉందిగా అని పొద్దున్నే లుద్మిల్ ఎగురుకుంటూ వచ్చాడు. ఉంది. పాత బ్యాకప్ ఖర్చు దండగ అని పోయినేడాది వీడే తీయించి, దాని బదులు అద్దంలా పనిచేసే రెండో సర్వర్ పెట్టించాడు. అసలు సర్వర్‌లో ఏం జరిగితే అది గంట తిరిగేలోపు రెండోదాంట్లోనూ జరుగుతుంది. ముఖానికి మసి పూస్తే అద్దంలోనూ మసే కనిపిస్తుంది అని అప్పుడే చెప్పాను. నిన్న మధ్యాహ్నమే అదీ ఖాళీ అయింది. దాని మీదే కొత్త ఫైళ్లు వచ్చి కూర్చున్నాయి. తవ్వి చూశాను. ఏమీ లేదు.

లుద్మిల్ తలుపేసి నన్నూ స్తామెన్‌నీ కూర్చోబెట్టాడు. డిస్క్ పోయింది అని చెబుదాం అన్నాడు. డిస్కులు పోతాయి కదా, మనుషులు పోవట్లేదా, అందులో ఎవరి తప్పూ ఉండదు అన్నాడు. సమితితో ఒప్పందం వేసవిలో మళ్లీ రాసుకోవాలట, ఇప్పుడు నిజం చెబితే మామగారు తన తోలు వలుస్తారట. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి, అక్కా, ఆ పత్రం రాసింది నువ్వు, కింద సంతకం నీది, ముద్ర ఉంది, నేను తాగి ఉన్నానని నిరూపించేవాళ్లు లేరు, ఆలోచించుకో అన్నాడు.

స్తామెన్ నేల చూస్తూ, డిస్క్ పోయిందంటే బాగానే ఉంటుంది అన్నాడు.

నాకు పెన్షన్‌కి ఇంకా చాలా దూరం ఉంది. ఈ వయసులో మా ప్లోవ్‌దివ్‌లో నాకు పనిచ్చేవాళ్లు ఎవరు? ఏమీ మాట్లాడకుండా బయటికొచ్చాను. ఒప్పుకున్నాననుకున్నారు.

ఫిబ్రవరి 16

నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఫిబ్రవరి 19

లుద్మిల్ కెరానా టీచర్‌గారిని పిలిపించాడు. నేను కూడా గదిలో ఉండాలన్నాడు. తెలిసిన మనిషి పక్కనుంటే అబద్ధం అతుకుతుందని.

వీడి నోట్లోంచి మాటలు నెయ్యిలా జారాయి. టీచరమ్మా, మీరు గట్టి మనిషి, ధైర్యంగా వినండి, డిస్క్‌కి గుండెపోటు లాంటిది వచ్చింది అన్నాడు. ఆవిడ ముందు వాడి ముఖం చూశారు, తర్వాత నా ముఖం. అవునా జ్లాతా అన్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆవిడ కళ్లు చూసి వీడికి భయం వేసినట్టుంది. వెంటనే, మేం ఊరుకోలేదండీ, డిస్క్‌ని సోఫియా పంపాం, అక్కడ ఒక ల్యాబ్ ఉంది, చచ్చిన డిస్కుల్ని కూడా లేపి కూర్చోబెడతారు అన్నాడు. ఇది మేం అనుకున్న మాట కాదు. అప్పటికప్పుడు పుట్టించాడు.

ఆవిడ ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. డాక్టరు మంచివాడేనా అని అడిగారు. దేశంలోనే పెద్దవాడు అన్నాడు.

మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇన్నాళ్లూ సామెత అనుకున్నాను. ఎదురుగా కూర్చుని చూశాను ఇవాళ. అవునని నా నోటితో అనలేదు. కాదని కూడా అనలేదు. ఆవిడ నా చెయ్యి నొక్కి, నువ్వున్నావు కాబట్టి సరిపోయింది అన్నారు.

ఫిబ్రవరి 23

రోజూ ఫోన్ చేస్తున్నారు. ఆఫీసుకి కాదు, నాకే. సోఫియా నుంచి కబురొచ్చిందా జ్లాతా? లేదు టీచర్‌గారూ. తొందరపెట్టకండి వాళ్లని, ఆపరేషన్ అంటే నిదానంగా చెయ్యాలి. సరే టీచర్‌గారూ.

ఈరోజు బనిత్సా చేసి తెచ్చారు, పల్చటి పిండి పొరలు చుట్టలు చుట్టి, లోపల జున్ను, గుడ్లు. సగం మా ఆఫీసుకి. సగం విడిగా రేకులో చుట్టి ఉంది, అది సోఫియా డాక్టరుకి. మీ మనిషెవరైనా వెళితే ఇచ్చి పంపండి, ఆకలితో పని చేసేవాడికి చెయ్యి వణుకుతుంది అన్నారు.

ఆవిడ వెళ్లాక లుద్మిల్ ఆ రేకు విప్పి తిన్నాడు. ముసలామె చేతిలో ఏదో మహిమ ఉంది అన్నాడు. స్తామెన్ కూడా ఒక ముక్క తీసుకున్నాడు. నాకు పెట్టబోయాడు. వాడి ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. టాయిలెట్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను.

ఫిబ్రవరి 27

లుద్మిల్‌ని అడిగాను, ఈ నాటకం ఎన్నాళ్లు అని. వేసవిదాకా లాగుదాం, ఒప్పందం సంతకమయ్యాక డాక్టరు చేతులెత్తేశాడని చెబుదాం అన్నాడు. అప్పటిదాకా ఆవిడ రోజూ ఎదురుచూస్తుంది కదరా అన్నాను. ముసలివాళ్లకి ఎదురుచూడ్డానికి ఏదో ఒకటుంటే ఆరోగ్యానికి మంచిదట.

కొత్త పత్రం కూడా తయారు చేయించాడు. కమాండ్‌లలో కొటేషన్ మార్కులు వాడరాదు, అవి ఎర్రర్లకు కారణమవుతున్నాయి అని అందులో ఉంది. ముద్ర గుద్దేశారు.

మార్చి 1

పొద్దున్నే గుమ్మంలో కెరానా టీచర్‌గారు. మార్చి మొదటి రోజు కదా, ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనిన మార్తెనిత్సాలు తెచ్చారు. సొంతంగా పేనినవి. నా మణికట్టుకి కట్టి, ఏడాదంతా ఆరోగ్యంగా ఉండమ్మా అని దీవించారు. స్తామెన్‌కి కట్టారు. లుద్మిల్ చెయ్యి చాపాడు, వాడికీ కట్టారు. వాడు ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు.

సంచిలో ఇంకొకటి మిగిలింది. అన్నిటికన్నా బాగా పేనింది, చివర్లకు చిన్న కుచ్చులతో. నా చేతిలో పెట్టారు. ఇది డాక్టరుగారికి. పేరేంటో చెప్పావు కాదు, పేరు తెలిస్తే చర్చిలో పూజప్పుడు అతని పేరిట ఒక కొవ్వొత్తి వెలిగిస్తాను అన్నారు.

లుద్మిల్ వెంటనే ఒక పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా.

మార్చి 2

చెప్పేశాను.

వాళ్లింటికి వెళ్లాను. కాఫీ పెట్టారు. కాఫీ తాగకముందే చెప్పాను, తాగాక చెబితే ఇంకో మోసమవుతుందనిపించింది. డాక్టరు లేడు. ల్యాబ్ లేదు. డిస్క్ నిక్షేపంలా ఉంది. పాటలు చెరిగిపోయాయి, లుద్మిల్ చెరిపేశాడు, తిరిగి రావు. కమాండ్, కొటేషన్లు, & గుర్తు అన్నీ చెప్పాను. ఆవిడకి ఎంత అర్థమయిందో తెలియదు. నకళ్లు మాత్రమే అన్న మాట సర్వర్‌కి చేరలేదు అన్నప్పుడు మాత్రం, చేరలేదా అని అడిగారు. చేరలేదన్నాను.

ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. కౌగిలించుకుంటారని ఎక్కడో ఒక మూల ఆశ పడ్డాను, సిగ్గులేకుండా. అదీ లేదు. కాఫీ గిన్నె కడిగి బోర్లించి, వెనక్కి తిరగకుండానే, ఇన్నాళ్లూ రోజూ ఫోన్ చేశాను కదా నీకు అన్నారు. అవునన్నాను. వాడు నాకెవడు, వాడు అబద్ధం ఆడితే నాకేం, నీతో కదా మాట్లాడుకున్నాను అన్నారు. ఆపరేషన్ నిదానంగా చెయ్యమని చెప్పమన్నాను, సరే టీచర్‌గారూ అన్నావు అన్నారు.

తలుపు దాకా వచ్చి సాగనంపారు. అది అలవాటు కొద్దీ.

మార్చి 5

సమితికి కెరానా టీచర్‌గారు నిన్ననే ఫోన్ చేశారు. సమితి యజమానికి, యజమాని అల్లుడికి. పొద్దున్న పదింటికల్లా నా టేబుల్ మీద తెల్ల కాగితం. రాతపూర్వక వివరణ ఇవ్వాలి. శిక్ష వేసేముందు వివరణ తీసుకోవాలని చట్టం. కంపెనీ విషయాలు బయటివారికి ఎందుకు చెప్పారు అని ప్రశ్న. పాటలు ఎవరు చెరిపారన్నది ప్రశ్నే కాదు.

చాలా రాద్దామనుకున్నాను. ఆ & గుర్తు గురించి, ఎర్ర అక్షరాల గురించి, రేకులో చుట్టిన బనిత్సా గురించి. చివరికి రాసింది ఒక్క వాక్యం. ఆవిడ అడిగారు కాబట్టి చెప్పాను, ఆలస్యంగా చెప్పాను. సంతకం పెట్టాను. లుద్మిల్ చదివి, ఇదేం వివరణ అక్కా అని, అయినా ముద్ర గుద్దాడు. తర్వాత ఇంకో కాగితం తీశాడు. దాని మీద ముద్ర ముందే ఉంది.

మగ్గు, స్వెటర్, కుండీలో జిరేనియం మొక్క. స్తామెన్ లిఫ్ట్ దాకా మొక్క మోశాడు. ఏదైనా అంటాడేమో అనుకున్నాను. గుమ్మడి గింజలు కూడా మొదలెట్టాను, పొద్దుతిరుగుడువి నాలుక కోస్తున్నాయి అన్నాడు.

మార్చి 6

పొద్దున్న ఆరింటికే మెలకువ వచ్చింది. వెళ్లాల్సిన చోటు లేదు.

మార్చి 12

ఉద్యోగం కోసం రెండు చోట్లకి వెళ్లాను. రెండోచోట ఒక పిల్ల, నా కూతురి వయసుంటుంది, మొహమాటపడుతూ అడిగింది, పాటలు చెరిపేసింది మీరేనట కదా అని. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు లుద్మిల్ ఊరంతా తిరిగి చెప్పుకుంటున్నాడు. పత్రం నాది, సంతకం నాది, కాబట్టి చెరిపింది నేనే. నేను కాదని చెప్పాను. ఆ పిల్ల తల ఊపింది, నమ్మనివాళ్లు ఊపినట్టు.

కెరానా టీచర్‌గారికి రోజూ ఫోన్ చేస్తున్నాను. ఇప్పుడు నా వంతు. ఎత్తడం లేదు.

మార్చి 17

వెతుకుతున్నాను. దేనికోసమో తెలియదు, చేతికి పని కావాలి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ అటక మీద నుంచి దించాను. ఆ శీతాకాలాల్లో ఆఫీసు చలికి ఉండలేక పాటల్లో చాలా భాగం దీని మీదే శుభ్రం చేశాను. కానీ ఇందులో పాటలు ఉండవని నాకు తెలుసు. పని పూర్తికాగానే సొంత యంత్రాల్లో నకలు ఉంచుకోరాదని ఒప్పందంలో ఉంది. నేను మాట ప్రకారం నడిచే మనిషిని. ఒక్కొక్కటీ చెరిపేశాను, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఎంత నిజాయితీ! ఆ నిజాయితీని తీసుకెళ్లి మారిత్సా నదిలో కలపాలి.

పాటలు లేవు. కానీ ఒక ఫోల్డర్ ఉంది. పేరు తుక్కు.

ప్రతి పాట ముందూ టీచర్‌గారు మైకులో చెప్పేవారు. ఊరి పేరు, పాడేవారి పేరు, ఏ పాట. వెబ్‌సైట్‌లో నొక్కగానే పాట మొదలవ్వాలి, టీచరమ్మ సొద ఎవడిక్కావాలి, కోసెయ్యి అని లుద్మిల్ అన్నాడు అప్పట్లో. కోసేశాను. పాట సరిగ్గా గొంతుతో మొదలయ్యేలా, వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాను. పనితనం చూపించుకోవాలని. కోసిన ముక్కలు ఇందులో పడ్డాయి. ఒప్పందంలో పాటలని ఉంది, తుక్కు గురించి లేదు. అందుకని చెరపాలని తోచలేదు.

అన్నీ ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. పడుచు గొంతుతో టీచర్‌గారు, వెనక ఎక్కడో కోళ్లు. ఇప్పుడు పాడబోతున్నది ఫలానా ఊరి ఫలానా అమ్మ. టక్. ఇప్పుడు పాడబోతున్నది. టక్. ఇప్పుడు పాడబోతున్నది. టక్.

ఎవరూ పాడరు. నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు ఏడ్చాను.

మార్చి 18

ఫోన్ ఎత్తకపోతేనేం అని కంప్యూటర్ చంకన పెట్టుకుని వెళ్లాను. తలుపు తీసి, ఇంకేం మిగిలింది చెప్పడానికి అన్నారు. మీరే మిగిలారు అన్నాను. అదేమిటో అర్థంకాక లోపలికి రానిచ్చారు.

వినిపించాను. తన గొంతు తానే వింటూ ముఖం చిట్లించారు. అబ్బ, ఎంత ముద్దగా మాట్లాడేదాన్ని అన్నారు. నాలుగైదు విన్నాక చెయ్యి అడ్డం పెట్టారు. ఆపు అన్నారు. నేనెప్పుడూ పాడలేదు జ్లాతా, మైకు పట్టుకున్నానంతే, వాళ్లందరూ పోయి మైకు పట్టుకున్నది మిగలడం ఏం న్యాయం అన్నారు. న్యాయం కాదన్నాను.

వెళ్లమనలేదు. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాం. దీపం వేసే వేళకి కాగితం, పెన్సిల్ తెచ్చుకుని, మొదటి నుంచి పెట్టు, ఊళ్లు రాసుకుంటాను అన్నారు. ఎందుకన్నాను. పాడినవాళ్లు పోయారు గానీ పిల్లలుంటారు కదా, వాళ్లకి చెప్పాలి, మీ అమ్మ పాట నా దగ్గర భద్రంగా ఉందని ఒకప్పుడు మాటిచ్చాను, ఇప్పుడు లేదని నా నోటితోనే చెప్పాలి అన్నారు. ఫోన్‌లో చెప్పవచ్చు కదా అన్నాను.

నన్ను చూసిన చూపుకి, మొదటి ముక్క పెట్టాను.

మార్చి 30

రెండు ఊళ్లు అయ్యాయి. నా బండిలోనే. ఒకచోట కొడుకు, బాగా తాగి ఉన్నాడు, పాటా గీటా ఏంటి, మా అమ్మ గయ్యాళి అని తలుపేశాడు. ఇంకోచోట కోడలు మర్యాదగా కూర్చోబెట్టి పెరుగు పెట్టి, పోతే పోయిందిలెండి, ఇప్పుడవన్నీ ఎవరు వింటున్నారు అంది. ఓదార్పుగానే అంది. దిగిన ప్రతిసారీ కెరానా టీచర్‌గారు జుట్టు సర్దుకుని వెళుతున్నారు, తిరిగొచ్చి బండిలో కూర్చుని కాగితంలో ఆ ఊరి పేరు కొట్టేస్తున్నారు.

నాతో ఇంకా మామూలుగా మాట్లాడటం లేదు. దారి చెబుతారు, కిటికీ దించమంటారు. అంతే.

ఏప్రిల్ 6, పెత్కోవ్ దోల్

కొండ మీద ఆఖరి ఇల్లు. రుమెనా అనే ఆవిడ. మొక్కజొన్న పాట పాడిన దెల్కా కూతురు. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. టీచర్‌గారు చెప్పాల్సింది నిలబడే చెప్పారు, క్షమించమని అడిగారు. పాట ముందు నేను చెప్పిన రెండు మాటలు మాత్రం ఉన్నాయి, కావాలంటే వినండి అన్నారు. రుమెనా చేతులు తుడుచుకుంటూ పెట్టమంది.

దెల్కా, పెత్కోవ్ దోల్, మొక్కజొన్న ఒలిచే పాట. టక్.

నేను కంప్యూటర్ మూయబోయాను. ఉండమంది. మళ్లీ పెట్టమంది. మూడోసారి చెవి స్పీకర్‌కి ఆనించింది. టీచరమ్మ మాట అయ్యాక ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు అంది.

శబ్దం పెంచాను. ఉంది. గొంతు ఎత్తేముందు నోటితో, లోపలికి, నిండుగా. అక్కడికి సరిగ్గా నేను కోసింది.

రుమెనా స్టూల్ మీద కూర్చుండిపోయింది. నన్ను తిట్టబోయే ముందు కూడా అమ్మ ఇలాగే ఊపిరి తీసుకునేది అంది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. కెరానా టీచర్‌గారు నా చెయ్యి పట్టుకున్నారు, వదల్లేదు. గింజలు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరం లేవలేదు.